చేపల చెరువులో పాచి: పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన సంగతులు

ఎండలు ముదిరి నీరు తగ్గుచున్న కొలది మన గ్రామములలోని చెరువులు, కుంటలు రంగు మారుట అందరును ఎరిగినదే. మొదట నీరు లేత పచ్చగా నుండును. కొన్ని దినములకు ముదురు పచ్చనగును. కొన్నిచోట్ల నీటిపై మీగడవలె తెట్టె కట్టును. మరికొన్నిచోట్ల గట్టు పొడవునను నాచు జడలు జడలుగా పెరిగి వల లాగుటకు వీలులేకుండ చేయును. అప్పుడు చేపల పాట పాడినవారు పంచాయతీ కార్యాలయమునకు వచ్చి మొరపెట్టుకొందురు. మైలుతుత్తము చల్లింపుడని ఒకరు, సున్నము కుమ్మరింపుడని ఒకరు, గడ్డిచేపలను తెచ్చి వదలుడని వేరొకరు సలహా చెప్పుదురు. వీనిలో ఏదియు పూర్తిగా తప్పు గాదు. కాని ఏ పాచికి, ఎప్పుడు, ఎంత అను ప్రశ్నలు వేసికొనకుండ తొందరపడినచో ఒక్క రాత్రిలో చెరువులోని చేపలన్నియు చచ్చి తేలవచ్చును. పాచి ఉండుటకంటె ఉన్న పాచిని ఒక్కసారిగా చంపుటయే చేపలకు ఎక్కువ ప్రమాదకరము. ఎందువలననో ఈ వ్యాసమున వివరించుచున్నాము.

రాజ్యాంగపు 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినది. దానివలన చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములు 29 కలవు. మత్స్య పరిశ్రమ, చిన్న నీటిపారుదల, త్రాగునీరు అను మూడును అందు వేరువేరు అంశములుగా నున్నవి. మన ఊళ్ళలోనైతే ఈ మూడును తరచుగా ఒక్క చెరువునందే చేరియుండును. పశువుల స్నానమును, బట్టల ఉతుకును కూడ అచ్చటనే. కావున నీరు పచ్చబారినపుడు అది చేపల గుత్తదారుని కష్టము మాత్రమేయని పంచాయతీ ఊరకుండుటకు వీలులేదు.

పాచి ఒక్క రకము కాదు

పాచి మొక్కవలెనే ఎండను, బొగ్గుపులుసు వాయువును, నీటిలో కరిగిన ఎరువును గ్రహించి బ్రతుకును. వేరు, కాండము, ఆకు దానికి లేవు. గుర్రపుడెక్క, అంతరతామర మొదలైనవి పాచి కావు. అవి నీటిపై తేలు మొక్కలు. వానిని ఏరివేయు పద్ధతులు వేరు. పాచి విషయములో మనము మూడు రకములను గుర్తుపట్టగలిగిన చాలును.

మొదటిది విడివిడిగా కంటికి కనబడనంత సూక్ష్మమైనది. నీటికి పచ్చని రంగు నిచ్చునది ఇదియే. ఇది చేపలకు శత్రువు కాదు. దీనిని తిని నీటిలోని సూక్ష్మ జంతువులు పెరుగును. వానిని తిని కట్ల, అనగా బొచ్చె, పెరుగును. మితముగా పచ్చగానున్న నీరే చేపల పంట పండు నీరు. అద్దమువలె తేటగానున్న చెరువు చూచుటకు సొంపుగా నుండునుగాని, అందు చేపలకు సహజమైన ఆహారము తక్కువ. పంచాయతీ సభ్యులలో కొందరు పచ్చని నీటిని చూడగనే చెరువు పాడైనదని భావించుట మేము పలుచోట్ల గమనించితిమి. పాడగుట పచ్చదనము మితిమీరినప్పుడే.

రెండవది దారపు నాచు. ఇది మోకాలి లోతు నీటిలో, వెలుతురు అడుగువరకు చేరుచోట, మట్టిని అంటిపెట్టుకొని మొలచును. పగటివేళ అది విడుచు ప్రాణవాయువు బుడగలు దాని పోగులలోనే చిక్కుకొనుటచే మధ్యాహ్నమునకు తెప్పలు తెప్పలుగా పైకి లేచును. ఇది వలలకు అడ్డు. చిన్న చేపపిల్లలు దీనిలో చిక్కుకొనును. నీటిలోని ఎరువును తానే లాగికొని చేపలకు ఉపయోగపడు సూక్ష్మమైన పాచిని పెరుగనీయదు.

మూడవది నీలిపచ్చ పాచి. దీనిని శాస్త్రజ్ఞులు ఇప్పుడు బాక్టీరియాలలో చేర్చుచున్నారు. మన చెరువులలో తరచు కనబడు మైక్రోసిస్టిస్ ఈ జాతిదే. గాలి కదలని వేడి దినములలో ఇది నీటిపైకి తేలి, ఎవరో పచ్చరంగు డబ్బాను ఒలకబోసినట్లు పరచుకొనును. గాలి వీచిన పక్క గట్టునకు చేరి కుళ్ళి దుర్గంధము వెదజల్లును. ఇందు కొన్ని తెగలు కాలేయమును చెరచు విషమును పుట్టించును. ఆస్ట్రేలియాలోని అలెగ్జాండ్రీనా సరస్సు నీటిని త్రాగి పశువులు చచ్చుటకు ఇట్టి తెట్టెయే కారణమని జార్జి ఫ్రాన్సిస్ అను ఆయన 1878లోనే ప్రకటించెను. నీటిని కాచినను ఈ విషము పోదు. కాచుటవలన పాచి కణములు పగిలి లోపలి విషము నీటిలోనికి మరింత వచ్చును. కావున తెట్టె కనబడినంతనే ఆ గట్టున పశువులను దింపకుండ కంచె వేయించి దండోరా వేయింపవలెను. పిల్లల ఈతలను ఆపవలెను.

ఈ రకములను కనుగొనుటకు సూక్ష్మదర్శిని అక్కరలేదు. ఒక కర్రను తెట్టెలో ముంచి పైకెత్తుడు. తడిసిన వెండ్రుకలవలె పోగులు వ్రేలాడినచో దారపు నాచు; కర్రకు రంగు పూసినట్లంటినచో నీలిపచ్చ పాచియని అనుమానింపవలెను. మరియొక పరీక్ష కూడ కలదు. చెరువు నీటిని గాజు సీసాలో పట్టి కదల్చక ఒక గంటసేపు ఉంచినచో నీలిపచ్చ పాచి సాధారణముగా పైకి చేరును. మంచి పాచి నీటిలో కలిసియుండును, లేదా అడుగునకు దిగును. ఈ పరీక్షలు సూచనలు మాత్రమే. పైతెట్టె కట్టినచో నీటి నమూనాను మత్స్యశాఖవారికిని, పశువైద్యునికిని చూపుట క్షేమము.

తెల్లవారుజామున చేపలేల చచ్చును?

పగలు ఎండలో పాచి ప్రాణవాయువును పుట్టించును. రాత్రియందు అట్లు చేయజాలదు. పైగా తానును చేపలవలెనే నీటిలోని ప్రాణవాయువును పీల్చుకొనును. అందువలన పచ్చని చెరువులో ప్రాణవాయువు మధ్యాహ్నము మూడు గంటలప్పుడు మిక్కుటముగాను, తెల్లవారుజామున మిక్కిలి తక్కువగాను ఉండును. పాచి ఎంత దట్టమైన, ఈ హెచ్చుతగ్గు అంత పెద్దది. లీటరు నీటిలో ప్రాణవాయువు సుమారు 5 మిల్లీగ్రాములు ఉన్నంతవరకు చేపలకు బాధ లేదు. 3కు దిగినచో అవి మేత సరిగా ముట్టవు. 1 వద్దకు దిగినచో చచ్చును. వేసవిలో 30 డిగ్రీల వేడి గల నీరు గాలినుండి సహజముగా పట్టియుంచగలిగినదే సుమారు 7.5 మిల్లీగ్రాములు. అనగా ఎండకాలపు రాత్రులలో చేపలకు మిగులు చాల స్వల్పము.

దీనికి తోడు రెండు మూడు దినములు మబ్బు పట్టి ఎండ రాకపోయెననుకొనుడు. పగటి రాబడి తగ్గును. రాత్రి ఖర్చు తగ్గదు. లేదా, దట్టముగానున్న పాచి తనంత తానుగానో మనము వేసిన మందువలననో హఠాత్తుగా చచ్చెననుకొనుడు. అప్పుడు ప్రాణవాయువును పుట్టించునది పోయినది. చచ్చిన పాచి కుళ్ళుట కారంభించి మిగిలిన కొద్దిపాటి ప్రాణవాయువును తినివేయును. సాయంత్రము మందు చల్లినవారు నీరు తేటపడుచున్నదని సంతోషించుచుండగనే రెండవ నాటి వేకువకో, మూడవ నాటి వేకువకో చేపలు నోళ్ళు తెరచుకొని నీటిపైకి వచ్చును. మైలుతుత్తము చేపలకు తగిలి చంపినదని లోకులు చెప్పుకొందురు. మందు ఎక్కువైనచో అదియును జరుగును. కాని మోతాదు సరిగానున్నను ఊపిరాడక చచ్చు ప్రమాదము తప్పదు.

ఈ సంగతి తెలియకపోవుటవలన గ్రామములలో మరియొక కీడు పుట్టుచున్నది. రాత్రికి రాత్రి చేపలు చచ్చి తేలినంతనే, గిట్టనివారెవరో చెరువులో విషము కలిపిరని అనుమానము బయలుదేరును. రెండు పక్షములుగానున్న ఊరిలో ఈ అనుమానము పోలీసు ఠాణావరకును, కోర్టువరకును పోవును. నిజముగా విషము కలిపిన సందర్భములు లేకపోలేదు. అయితే సభ్యులు తొందరపడి ఒకరిపై నింద మోపుటకు ముందు కొన్ని గుర్తులను పరిశీలింపవలెను. ఊపిరాడక చచ్చినచో మరణములు తెల్లవారుజామున మొదలగును. పెద్ద చేపలు ముందుగా చచ్చును; చిన్న పిల్లలు గట్టు దగ్గర, లేదా నీరు వచ్చి పడు తూము దగ్గర బ్రతికి గుమిగూడియుండును. చచ్చుటకు ముందు చేపలు పైకి వచ్చి నోరాడించుట ఎవరో ఒకరు చూచియే యుందురు. నీటి రంగు ముందటి దినములలో ముదురు పచ్చగానుండి గోధుమ వన్నెకు మారియుండును. విషమైనచో వేళాపాళా లేదు. చిన్నవి పెద్దవి కలిసి చచ్చును, పలుమారు చిన్నవే ముందు పోవును. కప్పలు, నత్తలు, నీటిపురుగులు కూడ చచ్చిపడియుండును. సందేహము మిగిలినచో నీటిని శుభ్రమైన సీసాలో పట్టి, అప్పుడే చచ్చిన చేపను మంచుగడ్డలలో పెట్టి మత్స్యశాఖవారికి పంపవలెను. కుళ్ళిన చేప పరీక్షకు పనికిరాదు.

ఎరువు ఎక్కడినుండి వచ్చుచున్నది?

పాచి గాలిలోనుండి ఊడిపడదు. చెరువులోనికి చేరిన ఎరువే పాచి రూపము దాల్చుచున్నది. అందు ముఖ్యమైనది భాస్వరము. కెనడా దేశములోని ఒంటారియో రాష్ట్రమున 226వ నంబరు సరస్సును డేవిడ్ షిండ్లరు అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును 1973లో అడ్డముగా తెర కట్టి రెండు పాళ్ళు చేసిరి. ఒక పాలిలో చక్కెరను, నత్రజనిని వేసిరి. రెండవ పాలిలో వానితోపాటు భాస్వరమును కూడ వేసిరి. భాస్వరము పడిన పాలు మాత్రమే నీలిపచ్చ పాచితో నిండిపోయినది. తెర కావలి నీరు మునుపటివలెనే ఉండెను. విమానమునుండి తీసిన ఆ సరస్సు ఛాయాచిత్రము నేటికిని నీటిశాస్త్రపు పుస్తకములలో కనబడును.

మన చెరువులకు భాస్వరము వచ్చు దారులు సభ్యులు తమ కన్నులతో చూడదగినవే. వాననీటితోపాటు వీధి మురుగు కాలువ తిన్నగా చెరువున పడుచుండవచ్చును. గట్టున పెంటపోగులు వేసియుందురు. ఎగువ పొలములలో చల్లిన ఎరువు తొలకరి వానకు కొట్టుకొనివచ్చును. కొన్ని సబ్బుపొడులలోను భాస్వరము కలదు. చేపలకు వేసిన తవుడు, చెక్క తినగా మిగిలినది అడుగున కుళ్ళును. వీనియన్నిటికంటె మనము లెక్కకు తీసికొననిది గేదెల స్నానము. లెక్క వేసి చూతము. పెద్ద గేదె దినమునకు సుమారు 15 కిలోల పేడ వేయును. అందు ఐదవ వంతు నీటిలో పడినదనుకొన్నను గేదె యొక్కింటికి 3 కిలోలు. ఏబది గేదెలు దిగు చెరువులో దినమునకు 150 కిలోలు; ఏడాదికి 54 టన్నులకు పైమాట. మిశ్రమ చేపల పెంపకములో ఎకరమునకు ఏడాదికి వేయుమని చెప్పు పేడ 4 నుండి 8 టన్నులు. అనగా ఐదెకరముల చెరువునకు ఎక్కువలో ఎక్కువ 40 టన్నులు. గేదెలే అంతకుమించి వేసిన చెరువులో గుత్తదారుడు మరల బండ్లకొలది కోళ్ళపెంట తోలించుచున్నాడు! ఇక పాచి పెరుగుటలో వింతయేమున్నది?

కావున చెరువులో ఎరువు వేయుటకు గుత్తదారునికి అనుమతి నిచ్చునపుడు, ఊరు ఇదివరకే వేయుచున్న ఎరువు ఎంతయో పంచాయతీ మొదట చూడవలెను.

నీటి పచ్చదనమును కొలుచుట

మందులకును, ఎరువునకును కొలత ఉండవలెననుచు నీటి రంగును మాత్రము కంటితో అంచనా వేయుట సరికాదు. దీనికొక సులభమైన సాధనము కలదు. ఇటలీ దేశపు ఖగోళ శాస్త్రజ్ఞుడు ఏంజెలో సెక్కి 1865లో మధ్యధరా సముద్రమున నీటి తేటదనమును కొలుచుటకు పళ్ళెములను త్రాడునకు కట్టి నీటిలోనికి దింపెను. నేడు చెరువులకు వాడు సెక్కి పళ్ళెము 20 సెంటీమీటర్ల వెడల్పుగల గుండ్రని రేకు. దానిని నాలుగు భాగములు చేసి ఎదురెదురు భాగములకు నలుపు, తెలుపు రంగులు వేయవలెను. నడుమ రంధ్రము చేసి, సెంటీమీటర్ల గుర్తులు పెట్టిన త్రాడును కట్టి, క్రింద కొంచెము బరువు వ్రేలాడదీయవలెను. ఊరి కమ్మరియో, రేకుల పనివాడో ఒక పూటలో దీనిని చేసి ఇయ్యగలడు. ఎండగానున్న వేళ, ఉదయము తొమ్మిది గంటల తరువాత, పళ్ళెమును మెల్లగా దింపుచు అది కనబడకుండు లోతును చూచి వ్రాసికొనవలెను.

పళ్ళెము 30 నుండి 40 సెంటీమీటర్ల మధ్య మాయమైనచో చేపల చెరువునకు అది మంచి పచ్చదనము. 60కి మించి కనబడినచో నీటిలో ఆహారము తక్కువ. 25కు లోబడినచో ఎరువును వెంటనే మానవలెను, మేతను తగ్గింపవలెను. 15 వద్దకు వచ్చినచో తెల్లవారుజామున కాపలా పెట్టవలెను. పళ్ళెము లేనిచోట చేతినే కొలతగా వాడవచ్చును. చేతిని నిలువుగా నీటిలో దింపునపుడు నీరు మోచేతికి చాల దిగువన ఉండగనే అరచేయి కనబడకపోయినచో పచ్చదనము మితిమీరినట్లే. ఒక హెచ్చరిక: వానకు కొట్టుకొనివచ్చిన ఎర్రమట్టి నీటిలోను పళ్ళెము త్వరగా మాయమగును. ఆ కొలతను పాచి కొలతగా లెక్కింపరాదు.

వారమున కొకమారు ఈ కొలతను ఒక పుస్తకమున వ్రాయించుట పంచాయతీకి భారము కాదు. పాఠశాల పిల్లలకు సైన్సు ఉపాధ్యాయుని పర్యవేక్షణలో ఈ పనిని అప్పగింపవచ్చును. పిల్లలు లోతునకు దిగకుండ మెట్లపైనుండియే కొలుచుట ముఖ్యము.

చేయదగిన పనులు

అన్నిటికంటె ముందు మురుగు కాలువను మళ్ళింపవలెను. పూర్తిగా మళ్ళించుటకు వాలు లేనిచోట, చెరువునకు ముందే చిన్న గుంట త్రవ్వి, మురుగు అందు నిలిచి మడ్డి దిగిన తరువాత జమ్ము, మెట్టతామర పెంచిన మడిగుండ పారి చెరువున చేరునట్లు చేయవచ్చును. ఈ మొక్కలు ఎరువులో కొంత భాగమును పీల్చుకొనును. కాని వానిని ఏడాదికి రెండు మూడు మారులు కోసి దూరముగా తీసికొనిపోనిచో, అవి అక్కడనే కుళ్ళి పీల్చినదంతయు తిరిగి నీటికే అప్పగించును. గుంటలోని మడ్డిని కూడ ఏటేట తీయవలెను. కట్టించి మరచిన మడ్డిగుంటలు మనకు కొదువలేదు.

గేదెల మాటకు వచ్చినచో, వానిని చెరువునుండి వెళ్ళగొట్టుట అంత తేలికైన పని గాదు. వేసవిలో గేదెకు నీరు కావలయును. పశువులు గల ఇండ్లవారిని కాదని తీర్మానము చేసినచో అది కాగితముపైననే యుండును. కావున చెరువునకు దిగువన వేరుగా పశువుల కుంటను ఏర్పరచుటయో, చెరువులోనే ఒక మూలను చిన్న అడ్డుకట్టతో వేరుచేయుటయో మంచిది. అందు చేరిన పేడనీరు తోటలకు పనికివచ్చును.

దారపు నాచును మనుష్యులచేత తీయించుటయే ఉత్తమమని మా అభిప్రాయము. పొడవాటి వెదురుకు ఇనుప పండ్లు బిగించి గట్టునుండి లాగవచ్చును. లేదా మోకునకు ముళ్ళకంప కట్టి ఇరువురు చెరియొక ప్రక్కన పట్టుకొని నీటిలో ఈడ్చినచో నాచు కంపకు చుట్టుకొనివచ్చును. ఇందలి లాభము రెండు విధములు. నాచు పోవుట ఒకటి. నాచుతోపాటు అది తిన్న భాస్వరమును చెరువునుండి బయటపడుట రెండవది. మందుతో చంపినచో ఈ రెండవ లాభము లేదు. చచ్చిన నాచు అడుగున కుళ్ళి రేపటి పాచికి ఎరువగును. తీసిన నాచును గట్టుననే పోగువేయుట చాల ఊళ్ళలో జరుగుచున్న పొరపాటు. దాని రసము మరల చెరువులోనికే ఇంకును. దూరముగా కంపోస్టు గోతిలో వేయింపవలెను. నాచు మళ్ళీమళ్ళీ మొలచు చోటులు ప్రాయికముగా లోతులేని అంచులే గనుక, నీరు తగ్గినపుడు ఆ అంచుల మట్టిని త్రవ్వి గట్టునకు వేయించి, అంచుననే రెండు మూడు అడుగుల లోతు ఉండునట్లు చేసినచో బెడద సగము తగ్గును. పిల్లలు, స్త్రీలు దిగు రేవులవద్ద మాత్రము ఇట్లు లోతు చేయరాదు.

చేపలచేత పాచిని తినిపింపవచ్చునా? కొంతవరకు వచ్చును. వెండిచేప, గడ్డిచేప అను చైనా జాతులు 1959లో మన దేశమునకు తేబడినవి. వెండిచేప సూక్ష్మమైన పాచిని వడగట్టి తినును. గడ్డిచేపకు మెత్తని నీటిమొక్కలు ప్రీతి. దారపు నాచును చిన్నతనమున కొంత తినునుగాని, వేరు మేత దొరికినచో దాని జోలికి అంతగా పోదు. అదియుగాక గడ్డిచేప తిన్నదానిలో చాల భాగము అరగక పేడవలె విడుచును. దానివలన నీరు మరింత పచ్చబడును. కట్ల, రోహు (శీలావతి), మృగాల (ఎర్రమోసు) లతో పాటు వీనిని తగిన పాళ్ళలో కలిపి పెంచుట లాభదాయకమే. కాని మురుగు కాలువ పారుచుండగా పాచిని తినివేయు చేపను తెచ్చి వదలితిమని నిశ్చింతగా నుండరాదు. చేప పట్టి అమ్మినపుడు మాత్రమే చెరువులోని భాస్వరము దాని వెంట కొంత పోవును.

మేత విషయములో కొల్లేటి ప్రాంతపు రైతుల పద్ధతి అనుసరింపదగినది. వారు తవుడును, చెక్కను చిల్లులు పెట్టిన సంచులలో నింపి నీటిలో పాతిన వెదుళ్ళకు కట్టుదురు. చేపలు ఆ చిల్లులవద్ద పొడుచుకొని తినును. సంచిలో మిగిలినది చూచి మరునాటి మేత తగ్గించుటయో, పెంచుటయో చేయుదురు. చేతితో వెదచల్లిన మేతలో ఎంత తిన్నవో ఎంత కుళ్ళినదో తెలియదు.

ఇన్ని చేసినను పాత చెరువులలో పాచి తగ్గకపోవుటకు కారణము అడుగున పేరుకొన్న నల్లని బురద. ఏండ్ల తరబడి చేరిన భాస్వరము అందు దాగియుండి, వేసవిలో మెల్లమెల్లగా పైకి వచ్చుచుండును. దీనికి మందు లేదు; చెరువు ఎండినపుడు పూడిక తీసి పొలములకు తోలుటయే. మన పెద్దలు ఒండ్రుమట్టికై చెరువున బండ్లు దింపుట ఊరక కాదు. తెలంగాణములో 2015లో మొదలైన మిషన్ కాకతీయ క్రింద తీసిన పూడికను కూడ రైతులు ఇట్లే పొలములకు తోలుకొనిరి. అడుగు ఎండి నెరియలు విచ్చువరకు కొన్నాళ్ళు ఎండనిచ్చినచో బురదలోని కుళ్ళు చాలవరకు నశించును.

సున్నము వేయుటకు తగిన కాలము కూడ అదియే. ఎండిన అడుగున, మట్టి పరీక్షలో పులుపు కనబడినచో వేయవలెను. నల్లరేగడి నేలలు సహజముగా క్షారగుణము గలవి గనుక వానికి సాధారణముగా అవసరముండదు. నిండుగా పచ్చగానున్న చెరువులో కాల్చిన సున్నమును కుమ్మరించుట మంచిది కాదు. అట్టి నీటి పి.హెచ్. మధ్యాహ్నమునకు 9 దాటుటయు కలదు. సున్నము దానిని ఇంకను పెంచును. అప్పుడు నీటిలోని అమ్మోనియా చేపలకు విషముగా మారును.

మైలుతుత్తము మాట

దీనిని గురించి అడుగువారు చాలమంది గనుక స్పష్టముగా చెప్పుచున్నాము. మైలుతుత్తము పాచిని చంపును; సందేహము లేదు. కాని దాని మోతాదు నీటి క్షారతనుబట్టి మారును. లీటరునకు 50 మిల్లీగ్రాములకు తక్కువ క్షారత గల నీటిలో అది చేపలకు ప్రాణాపాయము. క్షారత 100 గల నీటిలో లీటరునకు 1 మిల్లీగ్రాము వాడుదురు. ఒక ఎకరము చెరువు సగటున నాలుగడుగుల లోతున్నచో అందలి నీరు సుమారు 49 లక్షల లీటర్లు. దానికి కావలసినది ఐదు కిలోలలోపే. వేసవిలో ఆ చెరువు నీరు రెండడుగులకు దిగియుండగా పాత లెక్కనే ఐదు కిలోలు వేసినచో మోతాదు రెట్టింపగును. ఇది చెరువు మట్టిలో చేరి ఏండ్లతరబడి నిలుచును. గొర్రెలకు రాగి మిక్కిలి హానికరము. నీలిపచ్చ పాచిని దీనితో చంపినచో దానిలోని విషమంతయు ఒక్కసారి నీటిలో కలియును. కావున త్రాగునీటి చెరువులలోను, పశువులు త్రాగు కుంటలలోను దీనిని పంచాయతీ తనంతట తాను వాడరాదు. మత్స్యశాఖ అధికారి నీటిని పరీక్షించి వ్రాసియిచ్చినపుడు మాత్రమే, చెరువులో మూడవ వంతునకు మించకుండ, ఉదయపు ఎండలో, పది పండ్రెండు దినముల ఎడముతో భాగములుగా వేయింపవలెను. మబ్బు దినములలో అసలే కూడదు.

ఇక చేపలు నోరాడించుచు పైకి వచ్చిన తెల్లవారుజామున చేయవలసినది వేరు. మేతను, ఎరువును ఆనాడే ఆపవలెను. నూనె ఇంజనునో, కరెంటు మోటారునో పెట్టి చెరువు నీటినే తోడి గాలిలో చిమ్ముచు తిరిగి చెరువులో పడునట్లు చేయవలెను. తూమునుండి గాని, బావినుండి గాని క్రొత్త నీరు దొరికినచో అది పైనుండి జల్లుగా పడవలెను. ఏదియు లేనిచోట మనుష్యులు దిగి వెదుళ్ళతో నీటిని కొట్టుటవలనను కొంత మేలు కలుగును. పైన విషపు తెట్టె ఉన్నచో మాత్రము దిగరాదు. ఎండ బాగుగా ఎక్కువరకు ఈ పనిని ఆపరాదు. ఇట్టి సమయమున నాచు తీయుటకై అడుగు బురదను కలచుట చేపలను చేతులార చంపుటయే.

పాఠశాలల తోటలలోను, ఇండ్ల పెరళ్ళలోను గల చిన్న గుంటలకు ఇంత శ్రమ అక్కరలేదు. చేపలను తక్కువగా ఉంచి, అవి కొద్ది నిముషములలో తినగలిగినంతయే మేత వేయవలెను. నీటిపై సగము వరకు తామర, కలువ ఆకులు పరచుకొనిన నీడ ఏర్పడి పాచి తగ్గును. రాలిన ఆకులను ఎప్పటికప్పుడు తీసి, నీటిలో ఐదవ వంతును వారమున కొకమారు మార్చి, తీసిన నీటిని మొక్కలకు పోసినచో చాలును.

చివరకు, చేపల పాటను గురించి. చాల గ్రామములలో పాట పత్రమున సొమ్ము ఎంత, గడువు ఎంత అను రెండు విషయములే వ్రాయుచున్నారు. ఎరువు ఎంతవరకు వేయవచ్చునో, ఏ కొలతకు దిగిన వెంటనే మానవలెనో, కోళ్ళపెంటను అనుమతించుట కలదో లేదో, పంచాయతీ వ్రాతపూర్వకమైన అనుమతి లేక ఏ మందును చెరువులో వేయరాదనియు, నాచు తీయించు కూలి ఎవరిదనియు, పశువులకు విడిచిన రేవు ఏదనియు అందు చేర్చవలెను. పంచాయతీ వైపునుండి కూడ మురుగు మళ్ళింపునకు గడువు పెట్టుకొనవలెను. ఊరి మురుగునకు గుత్తదారుని బాధ్యుని చేయుట న్యాయము గాదు. అప్పగించు నాడు ఇరుపక్షముల ఎదుట సెక్కి పళ్ళెమును దింపి, కనబడిన లోతును, నీటి లోతును, తేదీని ఆ పత్రముననే వ్రాసి సంతకములు చేయింపవలెను. గడువు ముగిసి చెరువును తిరిగి స్వాధీనము చేసికొను నాడును అట్లే కొలిచి వ్రాయవలెను.